తేలుమణి మొక్క – దాని గింజ వలన కలుగు ముప్పు

వానలు వెనుకపట్టి చెరువు నీరు దిగజారిన పిమ్మట, ఆ తడి మట్టిలో ముందుగా తల యెత్తు మొక్కలలో తేలుమణి ఒకటి. వడ్డాది, చోడవరము, మాడుగుల ప్రాంతముల రైతులకు దీనిని కొత్తగా చూపనక్కరలేదు. ఏటి ఒడ్డున, చెరకు తోటల కాలువ గట్ల మీద, పెంటకుప్పల చుట్టును, బాటల వెంటను ఇది పెరుగుచునే యుండును. చాలమంది దీనిని చూచియు చూడనట్లు దాటిపోవుదురు. పైరును మింగివేయు కలుపు కాదు గనుక దీనికి పెద్దగా చెడ్డపేరు లేదు. అయితే ఈ జాతి మొక్కల గింజలు తిండిగింజలలో కలిసినచోట ఊళ్ళకు ఊళ్ళు జబ్బుపడిన సందర్భములు ప్రపంచమున ఒకటి కంటె ఎక్కువ కలవు. అందుచేత దీనిని గూర్చి నాలుగు మాటలు తెలిసికొనుట మంచిది.

మొక్క సాధారణముగా ఒక అడుగు, ఒకటిన్నర అడుగుల ఎత్తు పెరుగును. బలమైన నేలలో మూడడుగుల వరకు పోవచ్చును. కాండము మీదను, ఆకుల మీదను గరుకైన నూగు ఉండును. ఆకులు అండాకారముగా, ముడుతలు పడి, అంచులు కొంచెము అలలు తేలినట్లుండును. గుర్తుపట్టుటకు పూల కంకి ఒక్కటి చాలును. అది తేలు తోక వలె చివర చుట్టుకొని యుండును. ఆ చుట్ట పైభాగమున రెండు వరుసలుగా చిన్న చిన్న పూలు, లేత ఊదా రంగువి, కొన్నిచోట్ల తెల్లనివి, నడుమ పసుపు చుక్కతో పూయును. పూవు గోటిమీద పెట్టిన అందులో సగము కూడ నిండదు. మొదట కంకి అడుగున ఉన్న పూలు విచ్చును. అవి కాయలగుచుండగా చుట్ట మెల్లగా విప్పుకొనుచు కొన వైపు క్రొత్త పూలు వచ్చుచుండును. కనుక ఒకే కంకిలో అడుగున ముదిరిన గింజలు, నడుమ పచ్చికాయలు, కొనను మొగ్గలు ఉండును. రైతు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఇది. పూత ఇంకను ఉన్నది గదా, గింజ పడుటకు వ్యవధి యున్నదని ఊరకున్నచో, అప్పటికే అడుగు గింజలు నేల రాలి యుండును. ఒక్కొక్క కాయ రెండు పాయలుగా చీలి, మొత్తము నాలుగు చిన్న గట్టి గింజలగును.

పేర్ల విషయములో కొంత జాగ్రత్త కావలెను. దీనిని కొందరు నాగదంతి అందురు. కాని వైద్య గ్రంథములలో నాగదంతి అను పేరు ఆముదపు కుటుంబములోని వేరు మొక్కలకు కూడ వాడుట కలదు. ఇక తేలుకొండికాయ, లేక గరుడముక్కు, అనునది మరియొకటి. అది పెద్ద ఆకులు కలిగి, ఎండిన పిమ్మట రెండు కొక్కెములతో నల్లగా గట్టిపడు కాయ గల మొక్క. అమెరికా ఖండము నుండి వచ్చినది. పేరులో తేలు ఉన్నంత మాత్రమున రెండును ఒకటి కావు. శాస్త్రజ్ఞులు మన తేలుమణిని హీలియోట్రోపియం ఇండికం అందురు. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరిది. గ్రీకు భాషలో మొదటి మాటకు సూర్యుని వైపు తిరుగునది అని అర్థము. మన మొక్క సూర్యుని వెంట తిరుగదు. పాత కాలపు నమ్మకము పేరులో నిలిచిపోయినది, అంతే.

ఇది బొరాజినేసి కుటుంబమునకు చెందినది. ఇటీవలి వర్గీకరణలలో కొందరు దీనిని, దీని దగ్గరి చుట్టములను వేరు కుటుంబముగా విడదీసిరి. మన ప్రాంతపు చుట్టములు మీకు తెలిసినవే. మెట్ట చేలలో లేత నీలి పూవు తల వంచుకొని యుండు గువ్వగుత్తి, కోసిన వరి మళ్ళలో నేలకు అంటుకొని ప్రాకు హంసపాది, ఊరగాయ కాయలనిచ్చు నక్కెర చెట్టు, ఇవన్నియు ఈ వంశమున చేర్చబడినవే. కుటుంబము ఒకటైనంత మాత్రమున అన్నిటికిని ఒకే గుణము ఉండదు. నక్కెర కాయ తినుటకు భయపడనక్కరలేదు.

తేలుమణిలో ఉన్న విషమును శాస్త్రజ్ఞులు పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అందురు. ఒక్క పదార్థము కాదు, ఒక గుంపు. మొక్క అంతటను ఉండును. సాధారణముగా ఈ జాతులలో గింజలలోను, పూల కంకులలోను ఎక్కువ. పురుగులు, మేసెడు జంతువులు తన జోలికి రాకుండుటకు మొక్క చేసికొన్న ఏర్పాటిది. దీనిని ముట్టుకొన్నను, కలుపు తీయుచు చేతితో లాగినను భయము లేదు. చిత్రమేమనగా ఈ పదార్థము తనంత తాను పెద్దగా హాని చేయదు. కడుపులో ప్రవేశించి కాలేయమును చేరిన పిమ్మట, విషములను విరుచుటకు కాలేయములో ఉన్న యంత్రాంగమే దీనిని మరింత తీవ్రమైన పదార్థముగా మార్చును. అది పుట్టినచోటనే, అనగా కాలేయములోనే, కణములను పట్టుకొని చెరచును. కాలేయము నుండి రక్తమును బయటికి తీసికొనిపోవు సన్నని సిరలు లోపల వాచి మూసుకొనిపోవును. కాలువ తూము పూడినచో పైనున్న మడి నిండి గట్టు పొర్లునట్లు, వెనుక నిలిచిన రక్తములోని నీరు ఊరి పొట్టలో చేరును. కుడి ప్రక్కటెముకల క్రింద నొప్పి, ఆకలి లేకపోవుట, కొద్ది వారములలో పొట్ట ఉబ్బుట దీని లక్షణములు. కొందరు కోలుకొందురు, కొందరికి కాలేయము గట్టిపడి జీవితాంతము ఆ బాధ ఉండును, కొందరు మరణింతురు. విరుగుడు మందు లేదు. పిల్లలకు పెద్దల కంటె త్వరగా తగులును.

ఒక గింజ, రెండు గింజలు నోటిలో పడినంతనే మనిషి పడిపోడు. ఈ విషము దినదినమును కొద్దికొద్దిగా లోపలికి పోయి చేయు నష్టము కూడుచు వచ్చును. రోగము బయటపడునప్పటికి తిన్న ధాన్యము అయిపోయి యుండవచ్చును. అందుచేతనే చాల చోట్ల కారణము తెలిసికొనుటకు ఆలస్యమైనది. త్రాగుడు వలన వచ్చినదనియో, నీరు చెడినదనియో, గాలి సోకినదనియో జనులు అనుకొనుట సహజము.

ఇట్టి సంఘటనలలో పెద్దది ఆఫ్ఘనిస్తానములో జరిగినది. 1970 దశకము నడుమ, ఆ దేశపు వాయవ్య భాగమున హెరాత్ ప్రాంతపు పల్లెలలో వానలు లేక రెండేండ్లు కరవు వచ్చెను. గోధుమ పలుచబడెను, కరవునకు ఓర్చుకొను తేలుమణి జాతి మొక్క ఒకటి చేలలో బలిసెను. గింజలు గోధుమతో పాటు కల్లమునకు, అక్కడి నుండి తిరుగలికి పోయినవి. రొట్టె కాల్చినను విషము పోలేదు. 1976లో ప్రకటించిన వివరముల ప్రకారము, ఆ పల్లెలలో 7,200 మందిని పరీక్షింపగా నూటికి 22 మందికి పైగా కాలేయము చెడినట్లు తేలెను. మరల 1992–93లో తజికిస్తానములో ఇదే జరిగినది. అక్కడ కరవు కాదు, అంతర్యుద్ధము. కోత కోయువారు లేక గోధుమ రెండు నెలలు ఆలస్యముగా ఇంటికి వచ్చెను. ఆ రెండు నెలలలో కలుపు గింజలు పూర్తిగా పండినవి. సుమారు 3,900 మంది జబ్బుపడిరి. పొలములో మొక్క ఉండుట ఒక ఎత్తు. దాని గింజ పండు వరకు పైరును నిలిపి యుంచుట మరియొక ఎత్తు.

అవి దూరదేశములు, గోధుమ దేశములు, మనకేమి అనుకొనవద్దు. నాటి మధ్యప్రదేశ్‌లోని, నేడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న సర్గుజా జిల్లా గిరిజన గ్రామములలో 1970 దశకముననే పొట్ట ఉబ్బు రోగము వచ్చినది. 1976లో వైద్యులు ప్రకటించిన వ్యాసములో 67 మంది రోగులను గూర్చి చెప్పిరి. వారిలో 28 మంది మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడి తిండిని పరిశీలించి కారణము కనిపెట్టిరి. అక్కడివారు గోండ్లి అను చిరుధాన్యమును తినుదురు. అది మన సామ జాతియే. ఆ ధాన్యములో గిలిగిచ్చ జాతి మొక్క గింజలు కలిసి యుండెను. గిలిగిచ్చ వేరు కుటుంబము, జనుముకు చుట్టము. అయినను దానిలో ఉన్నది ఇదే గుంపు విషము. మాడుగుల కొండల మీదను, క్రింది గరువు భూములలోను సామ, చోడి, గంటి పండించు రైతులు ఈ ఉదంతమును తమ ఇంటి సంగతిగా ఎంచవలెను.

వరి రైతుకు ఈ భయము చాల తక్కువ. నీరు నిలిచిన మడిలో తేలుమణి బ్రతుకదు. ధాన్యము గింజ పెద్దది. తేలుమణి గింజ రెండు మూడు మిల్లీమీటర్లే గనుక జల్లెడలో క్రిందికి జారిపోవును. సామల విషయము అట్లు కాదు. రెండును దాదాపు ఒకే పరిమాణము. జల్లెడ వేరు చేయలేదు. చేటతో చెరిగినను, గాలికి తూర్పార బట్టినను బరువైన గట్టి గింజ ధాన్యముతోనే నిలుచును. చోడి కంకులను ఒక్కొక్కటిగా గిల్లి కోయు పాత పద్ధతిలో కలుపు గింజ కల్లమునకు వచ్చు అవకాశము తక్కువ. మొదలంట కోసి మోపులు కట్టి తెచ్చునప్పుడు, కూలి తగ్గును గాని, కలుపు మొక్కలు కూడ మోపుతో వచ్చును. కనుక చిరుధాన్యములలో ఈ కలుపును కల్లములో కాక చేనిలోనే ఏరివేయవలెను. కోతకు వారము ముందు ఒకసారి చేను చుట్టి, తేలు తోక కంకులు, గలగలలాడు గిలిగిచ్చ కాయలు కనబడినచో పెరికి గోనె సంచిలో వేసి బయటికి తెచ్చుట ఒక పూట పని. చేనిలోనే దులిపిన గింజ రాలి వచ్చే ఏటికి అప్పు మిగిలినట్లే.

పశువుల సంగతి. పచ్చి తేలుమణిని పశువు సాధారణముగా ముట్టదు. కరవు రోజులలో మేత లేనప్పుడు, లేక తాను ఏరుకొను వీలు లేనప్పుడు మాత్రము తినును. గట్టు గడ్డి కోసి తెచ్చిన మోపులో ఈ మొక్కలు కలిసి, దానిని ముక్కలుగా నరికి తొట్టిలో వేసినచో గేదె ఏమి చేయగలదు? ఎండినను విషము పోదు. ఎండుమేతలో చేదు రుచి మాత్రము మరుగుపడును. ఆవులు, గుఱ్ఱములు ఎక్కువగా దెబ్బతినును. గొఱ్ఱెలు, మేకలు కొంత ఓర్చుకొనును. ఏలయనగా వాటి పొట్టలోని సూక్ష్మజీవులు ఈ విషమును చాలవరకు విరిచివేయును. అయినను ఆస్ట్రేలియాలో ఈ జాతి మొక్కనే పట్టి పట్టి మేసిన గొఱ్ఱెలు, రెండవ ఏడు కూడ మేసిన పిమ్మట, పెద్ద సంఖ్యలో చచ్చినవి. పశువు మేత మాని చిక్కిపోవుట, కనురెప్పల లోపల పచ్చబడుట, పొట్ట జారుట కనబడినచో తొట్టిలోని మేతను ఒక పిడికెడు తీసి పశువైద్యునికి చూపవలెను. రోగము తిన్ననాడు కాక వారములు, నెలలు గడిచి బయటపడును గనుక వెనుక వేసిన మేతను గూర్చి కూడ చెప్పవలెను. పాలలోనికి కూడ ఈ పదార్థము కొద్దిగా వచ్చును.

ఇక మందు. తేలుమణి ఆకు రసమును తేలు కాటుకు, కురుపులకు, కంటి జబ్బులకు వాడుట పల్లెలలో చిరకాలముగా కలదు. తేలు కాటుకు దీనిని వాడుట మన దేశముననే కాదు. రెండు వేల ఏండ్ల క్రిందట గ్రీకు వైద్యుడు డయస్కొరిడీస్ కూడ ఈ జాతి మొక్కను తేలు కాటుకు చెప్పెను. తోక వంటి కంకిని చూచి తోక విషమునకు ఇది మందని ఎవరికి తోచదు? రూపము కలిసినంత మాత్రమున విరుగుడు కాదు. ఎఱ్ఱ తేలు కుట్టిన పిల్లవానికి చెమటలు పోసి, చేతులు కాళ్ళు చల్లబడి, గుండె దెబ్బతినవచ్చును. దీనికి ప్రాజోసిన్ అను మాత్ర పనిచేయునని మహారాష్ట్రలోని మహాడ్ అను ఊరిలో పనిచేసిన డాక్టరు హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980 దశకములో నిరూపించెను. అప్పటి నుండి చాల ప్రాణములు దక్కినవి. కనుక ఆకు నూరుచు కూర్చొని కాలము పోగొట్టక 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను.

పైపూతను గూర్చి ఇంతకంటె చెప్పను. పుండు పడిన చర్మము మీద పూయకుండుట మేలు. కాని లోపలికి త్రాగుట మాత్రము పనికిరాదు. 1978లో మన దేశపు వైద్యులు, ఈ జాతి మొక్క ఒకదానిని మందుగా త్రాగిన రోగులకు కాలేయపు సిరలు మూసుకొనిపోయిన వైనమును ప్రకటించిరి. బొల్లి, మూర్ఛ వంటి జబ్బులకు మందని నమ్మి వారు త్రాగిరి. ఆధునిక వైద్యశాస్త్రము కూడ ఈ మొక్కను ప్రయత్నించకపోలేదు. మన తేలుమణి నుండియే తీసిన ఇండిసిన్ ఎన్-ఆక్సైడ్ అను పదార్థమును అమెరికాలో రక్తపు క్యాన్సరు రోగుల మీద ప్రయోగించి చూచిరి. కొందరిలో రోగము కొంత లొంగినది గాని కాలేయము చెడుటచే దానిని మందుగా తీసికొనిరాలేదు. కొలత గల మందుగా, ఆసుపత్రిలో, రోజు రోజు రక్తపరీక్షల నడుమ ఇచ్చిననే నిలువనిదానిని, గుప్పెడు ఆకు లెక్కన కషాయము కాచి త్రాగుట ఎట్లు క్షేమము?

ఈ విషమును కోరి వెదకికొని వచ్చు ప్రాణి కూడ ఒకటి కలదు. కలుపు తీసి గట్టు మీద వేసిన తేలుమణి మొక్కలు వాడి ఎండుచుండగా, నారింజ రంగు రెక్కల మీద నల్ల గీతలు గల సీతాకోకచిలుకలు, నీలి మచ్చలు గలవి, గుంపులుగా వచ్చి వ్రాలుటను చూచియుందురు. పూలు లేని ఎండు కొమ్మ మీద వాటికేమి పని? అవి తొండముతో ఆ కొమ్మను తడిపి అందులోని ఆల్కలాయిడ్లను పీల్చుకొనును. వచ్చునవి ఎక్కువగా మగవి. ఆ పదార్థము వాటిని పక్షుల నోటికి చేదు చేయును. ఆడదానిని ఆకర్షించు సువాసనను కూడ అవి దాని నుండియే తయారు చేసికొనును. ఇదే గుంపు గిలిగిచ్చ మీదను, జనుము మీదను వ్రాలును. ఎండు మొక్క మీద ఈ సీతాకోకలు మూగినచో ఆ మొక్కను మేతలో కలుపుటకు ముందు ఆలోచింపవలెను. జనుము మేతగా వేయువారు లేతగా ఉండగానే కోయుట మంచిది; గింజలను మాత్రము దాణాలో కలుపరాదు.

చెరకు తోటలలో తేలుమణిని అణచుటకు ఖర్చు పెట్టనక్కరలేదు. మొక్కతోట పిలకలు వేయు కాలములో రెండు కలుపులు సకాలములో తీసి, ఎండు చెరకు ఆకును సాళ్ళ మధ్య మూడు నాలుగు అంగుళముల మందమున పరచినచో చిన్న గింజల కలుపు చాలవరకు మొలకెత్తలేదు. తేమ కూడ నిలుచును. ఆకును కాల్చివేయు అలవాటు మానుటకు ఇది మరియొక కారణము. వెడల్పాకు కలుపు గనుక 2,4-డి వంటి మందులకు ఇది లొంగును. అయితే ప్రక్కన పెసర, మినుము, వంగ, ప్రత్తి ఉన్నచో గాలికి తగిలిన తుంపరలకే అవి ముడుచుకొనిపోవును. గట్టు మీది పది మొక్కలకు మందు కొట్టుట మా దృష్టిలో డబ్బు దండుగ. వాన వెలిసిన మరునాడు వేరుతో సులభముగా వచ్చును. చుట్ట విప్పుకొనక మునుపే పెరుకుట ముఖ్యము. గింజ పట్టని మొక్కలను పెంటకుప్పలో వేయవచ్చును. గింజ పట్టినవానిని ఎండబెట్టి కాల్చుటయో, లోతుగా పాతిపెట్టుటయో చేయవలెను. మొక్కల విషయములో ఏ సందేహము కలిగినను, 1913 నుండి పనిచేయుచున్న అనకాపల్లి పరిశోధనా స్థానమునకు పూతతో కూడిన కొమ్మను కాగితములో చుట్టి తెచ్చి చూపవచ్చును. పేరు మాత్రము చెప్పినచో పైన చెప్పిన చిక్కు వచ్చును.

కల్లము తుడుపు, జల్లెడ క్రింద మిగిలిన చెత్తగింజలు సాధారణముగా కోళ్ళకు వేయుదురు. తేలుమణి గింజ కలిసిన చెత్తకు ఇది తగదు. ఆస్ట్రేలియాలో ఈ జాతి గింజలు కలిసిన దాణా తిన్న కోళ్ళు, బాతులు కాలేయము చెడి చచ్చినట్లు 1979లో వ్రాసి యున్నారు. గుడ్డులోనికి కూడ విషము చేరవచ్చును. ఆ చెత్తను పొయ్యిలో వేయుడు.